మా అన్న ఎత్తు బంగారం

మా ఇంట్లో బరువు చూసుకోవడం రెండేళ్లకొకసారి. అదీ దవాఖానలో కాదు, సంగారెడ్డి బజారులో బెల్లం దుకాణం ముందు. మేడారం జాతర దగ్గర పడుతుందనగా మొక్కున్నవాళ్లమంతా కొండాపూర్ దగ్గరి మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లం. బస్తాలు తూచే పెద్ద కాంటాకు ఒకవైపు పళ్లెంలో మనిషి కూర్చుంటే, రెండోవైపు బెల్లం ముద్దలు పేర్చేవారు. సమ్మక్క సారలమ్మలకు ఎత్తు బంగారం ఇవ్వడమంటే అదే. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. దాన్ని బెల్లమని ఎవరూ అనరు, బంగారమనే అంటారు.

మా అన్న అంజయ్య కాంటా ఎక్కిన రోజు ఆ దుకాణం ముందు చూడాలి. దారిన పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లు. సేటు ముద్ద మీద ముద్ద పెట్టిస్తూ, "ఇంకా లేస్తలేదు! ఇంకోటి తేరా!" అని అరిచేవాడు. అన్న మీసం మెలేస్తూ నవ్వేవాడు. మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ వాడికి మెటికలు విరిచి, అందరికీ వినపడేలా, "పోయిన జాతర కన్న పెరిగిండు నా కొడుకు" అనేది. అంత బంగారం ఇవ్వగలిగిన ఇల్లని దానర్థం. కరువు ఏళ్లలో అంబలి తాగి పిల్లల్ని సాకిన మనిషికి ఆ మాట చిన్నదేమీ కాదు.

నాదీ అదే కడుపు, అదే ఒళ్లు. నేను ఎక్కినప్పుడు మాత్రం అవ్వ సేటు దగ్గరికి జరిగి, "మెల్లగ చెప్పు సేటూ, ఆడిపిల్ల" అనేది. అన్నను "దొర లెక్కున్నడు" అన్న నోళ్లే నన్ను "బస్తా" అనేవి. పెళ్లై పటాన్‌చెరు వచ్చి, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరాక కూడా ఆ పేరు నాకంటే ముందే వచ్చి కూర్చుంది. కంపెనీ బస్సు ఎక్కుతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు, "డ్రైవరన్నా, టైర్లల్ల గాలి సూస్కో, సుగుణొచ్చింది" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఇంకో మాట అంటారు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నేను బతికాను, అన్న బతకలేదు. ఒకే రక్తం, ఒకే తీరు ఒళ్లు. డాక్టర్లు ఏం చెప్పారో, మేమేం విన్నామో, వినకుండా ఏం వదిలేశామో ఒకచోట పెట్టుకోవాలనిపించింది. మా లాంటి ఇళ్లు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. చదివి ఒక్కరైనా ముందే దవాఖాన మెట్లెక్కితే నాకు కొంచెం నిమ్మళం.

రెండు వేలకు ముందు

నాకు సరిగ్గా ఊహ తెలియక ముందే మా నాయిన పొలంలో కూలిపోయాడు. పెదనాయిన ఒక పెళ్లి విందులో భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ పోయాడు. ఇద్దరూ భారీ మనుషులే. ఇద్దరికీ జుట్టు నెరవనేలేదు. "ఆ ఇంటోళ్లకు దేవుడు ఒళ్లు ఇచ్చిండు గని, ఆయుష్షు ఇచ్చుడు మరిచిండు" అని ఊళ్లో అనుకునేవారు. విని ఊరుకునేవాళ్లం. నాయినకు ఎండదెబ్బ, పెదనాయినకు దిష్టి. ఒక్కో చావుకు ఒక్కో కారణం మా దగ్గర సిద్ధంగా ఉండేది. ఆ రెండు చావుల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

అన్న పైపుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇస్నాపూర్‌లో కిరాయికి ఉండేవాడు. వదిన బాలమణి, వాళ్లకు ఒక్కడే కొడుకు నరేశ్. అవ్వ కూడా వాళ్ల దగ్గరే. అన్నకు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనూ మర్యాదే, వడ్డించేవాళ్లు అడక్కుండానే మళ్లీ అన్నం వేసేవారు. జాతర నుంచి తిరిగొచ్చాక ప్రసాదం బంగారం ఇంట్లో డబ్బాల నిండా ఉండేది. చాయ్‌లోకి అదే, రొట్టెలోకి అదే, తిన్నాక నోట్లోకీ అదే. అమ్మవారిది వద్దనకూడదు కదా.

నా సంగతి వేరు. తొంభై తొమ్మిదిలో ఒకరోజు కంపెనీ బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఒకమ్మాయి నిలబడే వచ్చింది. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ వారమే కార్మికుల దవాఖానకు పోయి, సన్నబడే మందు ఏమన్నా ఉంటే ఇవ్వమని సిగ్గు విడిచి అడిగాను. అక్కడి లేడీ డాక్టర్ నవ్వలేదు. రక్తం తీయించింది. షుగర్ ఉందంది, బీపీ ఉందంది, సన్నబడే మందు మాత్రం లేదంది. మాత్రలు రాసి, పొద్దున్నే నడవమంది, బెల్లం మానమంది.

నడవడం మొదలుపెట్టాను. లారీలు దుమ్ము లేపే రోడ్డు పక్కన, వాగు మీంచి వచ్చే మందుల కంపు పీలుస్తూ, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. ఒళ్లు పెద్దగా తగ్గలేదు. నాతోపాటు నడిచే పక్కింటావిడ మూడు పండుగలు తిరిగేలోపు చువ్వలా తయారైంది, నేను అట్లాగే ఉన్నాను. ఆవిడకి దిగినట్టు నాకెందుకు దిగదో తెలియక, తిట్టుకుంటూ, ఒక్కోసారి ఏడుస్తూ నడిచాను. మాత్రలు మాత్రం ఒక్కనాడూ వదల్లేదు. ఎందుకంటే ఆ డాక్టరమ్మ నన్ను చూసి నవ్వలేదు.

రెండు వేల ఒకటి

రెండు వేల సంవత్సరం జాతర అయిపోయాక, ఆ వానాకాలం నరేశ్‌కు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు తిరిగి, తాగిన నీళ్లు కూడా కడుపులో నిలవక పడున్నాడు. మేం దవాఖానల చుట్టూ తిరుగుతుంటే, అవ్వ వాకిట్లో నిలబడి మేడారం ఉన్న దిక్కుకు చేతులెత్తింది.

"నా మనుమడు లేచి తిరగాలె తల్లీ. ఒచ్చే జాతరకు వాని నాయిన ఎత్తు బంగారం ఇస్త. ఇప్పుడున్న ఎత్తుకు ఒక్క ముద్ద సుత తక్కువ గాకుండ ఇస్త."

నరేశ్ లేచి తిరిగాడు. మందులు పనిచేశాయి, మొక్కూ పనిచేసిందనుకున్నాం. అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ నేను ఆ తల్లులకు దండం పెట్టుకునే మనిషినే.

మరుసటి శ్రావణంలో అన్న ఫ్యాక్టరీలో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. అన్నను పక్కకు పిలిచి, పెద్ద డాక్టర్ దగ్గరికి పంపారు. అక్కడి నుంచి వస్తూ అన్న నేరుగా మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోనే "సెల్లె, తిననీకి ఏముంది?" అని అరిచేవాడు, ఆ రోజు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"గుండె మీద భారం పడ్తున్నదంట సెల్లె. ఒళ్లు జల్దీ తగ్గించాలె, మందులు మింగాలె, ఆలస్యం చెయ్యొద్దన్నడు. నాయిన ఎట్ల పోయిండని అడిగిండు. చెప్పంగనె ఆయన మొఖమే మారింది."

మా అన్న భయపడటం నేను చూసింది అప్పుడే. నా మాత్రల డబ్బా తీసి చూపించాను. "గింతే అన్నా. పొద్దుగాలొకటి, మాపొకటి. నేను బతుకుతలేనా?" అన్నాను. నవ్వాడు. సరేనన్నాడు. నిజంగానే సరేనన్నాడు, అది గుర్తుంది కాబట్టే నాకింత బాధ.

ఆ ఆదివారం ఇస్నాపూర్ పోయేసరికి ఇంట్లో అదే మాట నడుస్తోంది, నరేశ్ బయట ఆటల్లో ఉన్నాడు.

"ఇగ రేపటి సంది అన్నం బంద్ అవ్వా. జొన్నరొట్టె, నడక. డాక్టర్ గట్లనే చెప్పిండు," అన్నాడు అన్న.

అవ్వ చేస్తున్న పని ఆపేసింది. "మొక్కు మొక్కినంక ఒళ్లు తగ్గించుకుంటవా? తల్లికి ఒప్పుకున్నదాన్ల కోత పెడ్తవా?"

"కోత కాదవ్వా..."

"మరేంది? కాంటా మీద తక్కువ తూగితె తల్లికి తక్కువ ఇచ్చినట్టె గద! పోరన్ని ఎవలు లేపిన్రు? జాతర కానీ. మొక్కు చెల్లంగనె నీకు ఇష్టమున్నంత తగ్గు, నేనొద్దన."

వదిన తలుపు దగ్గర నుంచి, "డాక్టర్ జల్దీ అన్నడంట అత్తమ్మా" అంది.

"ఇన్నేండ్ల సంది మోసిన ఒళ్లు, జాతర దాక మొయ్యలేడా?"

నేను ఊరుకోలేదు. "అవ్వా, నేను మింగుతలేనా మాత్రలు? నడుస్తలేనా? అన్నను సుత నడవనీ" అన్నాను.

"నీది వేరే. నీ ఒళ్లు తగ్గితె మంచిదే" అంది అవ్వ. కావాలని అన్నది కాదు. చేటలో బియ్యం చూస్తూ మామూలుగా అంది.

అన్న మా ఇద్దరి మధ్య పడి నవ్వేశాడు. "ఊకో సెల్లె. క్వింటాల్‌కు ఇంకెంతో లేదు. మన ఊళ్లె నిండు క్వింటాల్ ఇచ్చినోడు లేడు. ఒక్కపారి గా క్వింటాల్ తూగి, ఇగ ఆడ్నుంచి తగ్గుడే తగ్గుడు." అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అన్న అట్లా అంటే రాయికైనా నవ్వొచ్చేది.

ఇన్నాళ్ల తర్వాత ఆలోచిస్తే చిత్రంగా ఉంటుంది. అన్న ఎంత తగ్గినా, ఒప్పుకున్నంత బంగారం కొని ఇవ్వడానికి అడ్డమేముంది? పాత తూకం సేటుకు తెలుసు, మాకు తెలుసు. అంత బెల్లం కొని తల్లి ముందు పెడితే ఆమె కాదంటుందా? ఆ మాట అవ్వకు తోచలేదు, అన్నకు తోచలేదు, పక్కన కూర్చున్న నాకూ తోచలేదు. మొక్కంటే మనిషి కూర్చుని తూగాల్సిందేననుకున్నాం. తల్లి అడగని షరతు మేమే పెట్టుకుని, దానికి అన్నను కట్టేశాం.

మాత్రల చీటీ అన్న చొక్కా జేబులోనే ఉండేది. తల తిరిగినప్పుడు ఒకటి మింగేవాడు. కార్తీకం వెళ్లిపోయే రోజుల్లో ఒక పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర స్కూటర్ దిగి, స్టాండ్ వేస్తూ పక్కకు ఒరిగిపోయాడు. తోటివాళ్లు ఆటోలో వేసుకుని పరిగెత్తారు. దవాఖాన మెట్లెక్కకముందే అయిపోయింది.

జాతర వచ్చింది. ఇంట్లో చావైన ఏడు తిరగలేదు కాబట్టి మేం పోకూడదు. కానీ మొక్కు నరేశ్ ప్రాణానికి మొక్కినది, ఆపకూడదంది అవ్వ. ఊళ్లో వాళ్లతో పంపిద్దామని నేనూ అవ్వా సంగారెడ్డి పోయి ఆ దుకాణం ముందు నిలబడ్డాం. అన్న కూర్చోవాల్సిన పళ్లెంలో సేటు తూకం రాళ్లు పెట్టాడు. రెండోవైపు ముద్దలు పేర్పించాడు. ఈసారి అరవలేదు. కాంటా లేచి నిలిచాక, "సరిపోయింది తల్లీ" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయాడు. అవ్వ ఆ రాళ్లవైపు చూడలేదు. తిరుగు బస్సులో పటాన్‌చెరు దాకా ఒకే మాట అంటూ వచ్చింది: "రాసిపెట్టి ఉన్నది బిడ్డా. రాసిపెట్టి ఉన్నది."

రెండు వేల మూడు

ఎండాకాలం. ప్యాకింగ్ బల్ల దగ్గర సీసాలకు లేబుళ్లు సరిచూస్తున్నాను. దవడ లాగింది. పంటి నొప్పనుకున్నాను. తర్వాత ఎడమ చెయ్యి బరువెక్కింది. ఫ్యాన్ కిందే ఉన్నా చీర తడిసిపోయేంత చెమట. గ్యాసేమో, సోడా తాగితే పోతుందని లేవబోయాను. నా పక్కన ఒడిశా నుంచి వచ్చిన సావిత్రి అనే అమ్మాయి పనిచేసేది. తెలుగు రాదు. నా మొహం చూసి, "దీదీ, బైఠో. బైఠ్ జావో" అని భుజం పట్టి కింద కూర్చోబెట్టింది. నా తల ఒళ్లో పెట్టుకుని సూపర్‌వైజర్ కోసం కేకలు వేసింది. మా ఇద్దరికీ అప్పటిదాకా నవ్వుకోవడం తప్ప మాట్లాడుకోవడం లేదు. కంపెనీ వ్యాన్‌లో నాతోపాటే ఎక్కింది. లైన్ వదిలి పోతే జీతం కోస్తారని దానికీ తెలుసు.

వ్యాన్‌లో పడుకుని ఉండగా నాకొచ్చిన ఆలోచన చావు గురించి కాదు. నాయిన పొలంలో, పెదనాయిన విందులో, అన్న గేటు దగ్గర. ముగ్గురినీ మొదటిసారి వరసలో చూశాను. ఇప్పుడు నా వంతనుకున్నాను. భయం కంటే ముందు కోపం వచ్చింది. ఇంత కనబడేలా ఉన్నదాన్ని ఇన్నేళ్లు ఎట్లా చూడలేదని.

సంగారెడ్డి రోడ్డులో ఒక దవాఖానలో చూసి, హైదరాబాద్ పంపారు. అక్కడ ఏం చేశారో నాకు పూర్తిగా తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నరంలోంచి గొట్టం వేసి గుండె దాకా పోయారట. నాకు గుర్తున్నది బయట వరండా. మా ఆయన స్ట్రెచర్ పక్కన నడుస్తూ, "ఏం కాదు సుగుణా, ఏం కాదు" అంటూ, నా చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఎక్కడైనా పెట్టొచ్చని ఆయనకు తోచలేదు. మూడోనాడు వార్డులో ఒక ఆయా వచ్చి, అడక్కుండానే నా జుట్టు దువ్వి జడ వేసింది. "గిట్లుంటె సూసెటోళ్లు ఇంక బుగులు పడ్తరమ్మా" అంది. ఆ జడ చూసుకుని ఏడ్చాను, అంతకుముందు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

అవ్వ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. లెమ్మన్నా లేవదు, తినమన్నా తినదు. నా కాలి వేలు పట్టుకుని కూర్చుంది. కొడుకు పోయాక కూతురు. ఆమె మొహం చూడలేక నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒక సాయంత్రం డాక్టర్ మా ఇంట్లో ఎవరెవరు ఎట్లా పోయారో అడిగాడు. చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెద్ద దవాఖాన డాక్టర్ కుర్చీ లాక్కుని కూర్చోవడమే నాకు ఆశ్చర్యం.

"బరువు చేరే గుణం కొందరికి పుట్టుకతోనే వస్తుందమ్మా. జన్యువుల్లో ఉంటుంది. పక్కవాళ్లు తిన్నంతే తిన్నా మీకు ఎక్కువ పడుతుంది, నడిచినా తొందరగా దిగదు. మీ నాన్నగారి నుంచి మీ ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. అది ఒంటితో ఆగకపోవచ్చు. షుగర్ మీద, గుండె మీద, ఎన్నాళ్లు బతుకుతామన్న దాని మీద కూడా కొంత పనిచేయొచ్చు."

నాకు కళ్లు మూసుకుపోయాయి. ఇన్నేళ్లు తిండిపోతునని, సోమరినని నన్ను నేనే తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి కిందికి దిగినట్టైంది. అంతలో నేల మీద నుంచి అవ్వ అడిగింది.

"అంటె మన చేతుల లేనట్టేనా సారూ?"

"రావడం మన చేతుల్లో లేదమ్మా. వచ్చినదాన్ని ఎంత దూరం పోనిస్తామన్నది చాలావరకు ఉంది. మీ అమ్మాయి ముందు నుంచీ మాత్రలు వేసుకుంటూ నడుస్తోంది కాబట్టి ఈరోజు మనతో మాట్లాడుతోంది."

ఆయన చెప్పిన దాంట్లో మొదటి సగమే అవ్వ తీసుకుంది. తీసుకుందని నాకు ఆమె మొహం చూస్తేనే తెలిసింది. అన్న పోయిన నాటి నుంచి బిగుసుకుపోయి ఉన్న మొహం మెత్తబడింది. "రక్తంలనే ఉన్నదంట" అని ఆయాకు చెప్పింది, మా ఆయనకు చెప్పింది, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. రక్తంలో ఉంటే ఎవరూ ఆపలేరు. ఎవరూ ఆపలేనిదైతే, జాతర దాకా ఆగమన్న మాటకు బరువు లేదు. నేను మంచం మీద పడుకుని అదంతా వింటూ, ఆ ముసలామెకు ఆ ఒక్క మాట దొరికినందుకు సంతోషించాలో, పళ్లు కొరకాలో తెలియక ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక నెలల తరబడి నా ఆలోచన ఒకచోటే తిరిగింది. నన్ను వెక్కిరించిన నోళ్లు నన్ను దవాఖానకు తరిమాయి. అన్నను మెచ్చుకున్న నోళ్లు అన్నను కాంటా మీద కూర్చోబెట్టాయి. అలాగని వెక్కిరింత మంచిదని నేననను. నా లాగే మాటలు పడి, తిండి మానేసి పడిపోయిన ఆడపిల్లలూ మా లైన్‌లో ఉన్నారు. నేను చెప్పేది ఇంతే, ఆ డాక్టరమ్మ నన్ను చూసినట్టు అన్నను కూడా ఎవరైనా మామూలుగా, ఒక రోగం ఉన్న మనిషిగా చూసుంటే ఎంత బాగుండేది.

ఇంట్లో రెండు వంటలయ్యాయి. మా ఆయన నా చప్పిడి కూర రుచి చూసి, "బాగనే ఉన్నది" అని అబద్ధమాడి, తన పళ్లెంలో కారం కలుపుకునేవాడు. ఒళ్లు ఈసారి కొంచెం దిగింది. చూడ్డానికొచ్చినవాళ్లు "అయ్యో, సగమైపోయినవు గదనే" అని జాలిపడేవారు. నలభై ఏళ్లు బస్తా అన్నవాళ్లు కూడా.

రెండు వేల ఐదు

నరేశ్ ఇంటర్ అయ్యాక పాశమైలారంలో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. ఏడాదిలో వాడి భుజాలు, మెడ, నడక, అన్నీ వాళ్ల నాయిన అయిపోయాయి. ఎక్కడికిపోయినా, "అచ్చం అంజన్ననే దిగిండు" అనేవారు. వాడు ఛాతీ విరుచుకునేవాడు. తండ్రి లేని పిల్లవాడికి ఆ మాట ఎంత తీపో నాకు తెలుసు. నాకు మాత్రం వాడు స్కూటర్ దిగిన ప్రతిసారీ అన్న ఒరిగిపోయిన ఆ ఫ్యాక్టరీ గేటే గుర్తొచ్చేది.

మీ ఇంట్లో పిల్లలకూ ముందే పరీక్షలు చేయించండని డాక్టర్ నాకు ఎప్పుడో చెప్పాడు. వదిన సరేనంది, వాడే రానంటాడు. "రక్తంల ఉన్నదాన్ని సూస్కొని ఏం చేస్త అత్తా? నాయనమ్మ చెప్పింది గద, ఎవరి చేతుల లేదు." బతిమాలాను. అరిచాను. మాట్లాడ్డం మానేశాను. వాడు నవ్వేవాడు, అచ్చం అన్న నవ్వు.

ఒకరోజు అవ్వతో గట్టిగా పెట్టుకున్నాను. "రక్తం రక్తమని వాని చెవుల పోస్తున్నవు. వాడు గట్లనే పోతె ఏం చేస్తవు?" అన్నాను. "నేనేం చేస్తనే? నా చేతుల ఉన్నదా?" అంది. నీ చేతిలోనే ఉండె గదా అవ్వా అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. ఆ వయసులో ఆమెను అది అనలేక మింగేశాను. మా ఆయన కూడా అదే అన్నాడు, "ముసలామె గా ఒక్క మాట పట్టుకొని బతుకుతున్నది, గది గుంజకు." నిజమే. కానీ ఆమె దగ్గర ఆ మాట ఉన్నంతకాలం వాడు దవాఖాన గడప తొక్కడు. తల్లి మనసు నిలబెట్టాలా, పిల్లవాణ్ణి నిలబెట్టాలా? ఏ వైపు ఆలోచించినా ఇంకోవైపు పాపం.

ఈమధ్య పేపర్లలో ఈ జన్యువుల సంగతి తరచూ రాస్తున్నారు. చదివినప్పుడల్లా నాకు రెండు రకాల భయం. మా వాళ్లు నమ్మరేమోనని ఒకటి, మరీ ఎక్కువ నమ్ముతారేమోనని ఇంకొకటి.

ఆ దసరా తర్వాత నేను కార్మికుల దవాఖానలో డాక్టరమ్మ దగ్గరికి మామూలు పరీక్షకు పోవాల్సి ఉంటే, వదిన నరేశ్‌ను నాకు తోడు పంపింది. మోకాళ్ల నొప్పులు చూపించుకుంటానని అవ్వా వచ్చింది. దవాఖాన వరండాలో బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. లోపలికి పంపేముందు నర్సమ్మ ఒక్కొక్కరి బరువూ చూస్తోంది. నాది చూసింది, అవ్వది చూసింది. నరేశ్ వైపు తిరిగి, "నువ్వు కూడా రా బాబూ, మేడం ఇంటివాళ్లందరినీ చూస్తానన్నరు" అంది.

"నాకేం లేదు. నేను తోడొచ్చిన" అన్నాడు వాడు.

"ఒక్కపారి సూస్కో నరేశ్. రక్తం ఇస్తె అయిపాయె" అన్నాను.

"మళ్ల మొదలువెట్టినవా అత్తా? సూస్కుంటె ఏమైతది? మా నాయినకు గూడ ఎవరన్న ముందుగాల చెప్పి ఉంటె చావు ఏమన్న ఆగెటిదా? ఒచ్చేది ఒస్తది." వాడు కోపంగా అనలేదు. నిజంగా నమ్మి అన్నాడు. వాళ్ల నాయినకు ఎవరూ చెప్పలేదనే వాడికి తెలుసు. ఇంట్లో వాడికి అట్లాగే చెప్పాం.

నేను అవ్వ వైపు చూడకూడదనుకున్నాను. ఆమె చేతికర్రను రెండు చేతులా పట్టుకుని నేలవైపు చూస్తోంది.

"చెప్పిన్రు బిడ్డా" అంది.

వాడు అర్థం కానట్టు చూశాడు. "ఏం చెప్పిన్రు?"

"నీ నాయినకు డాక్టర్ చెప్పిండు. ఒళ్లు తగ్గు, మందులు మింగు, జల్దీ చెయ్యుమన్నడు. వాడు ఇన్నడు. రేపటి సంది రొట్టె తింట అన్నడు. నేనే ఆగుమన్న. జాతర దాక ఆగుమన్న. ఆగిండు."

పక్క బల్ల మీది వాళ్లు మా వైపు తిరిగారు. నరేశ్ మొహంలో రక్తం లేదు. అవ్వ ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆ మాట ఆమె నోటి నుంచి వినాలని ఎన్నోసార్లు అనుకున్నాను. విన్నాక, ఆమెను అది అనేదాకా తెచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"రక్తంల ఉన్నదంటివి గద నాయనమ్మా" అన్నాడు వాడు, చిన్నపిల్లవాడిలా.

"ఉన్నది. డాక్టరే చెప్పిండు, అబద్ధం గాదు. గని వానికి చెప్పింది గూడ నిజమే" అంది అవ్వ. వాడి మోచెయ్యి పట్టుకుని, తన బలం కొద్దీ పైకి నెట్టింది. "నువ్వు ఆగకు బిడ్డా. పో."

నరేశ్ లేచి, చెప్పులు విడిచి, బరువు చూసే మిషన్ వైపు నడిచాడు.